రూపకర్తగా అదనపు బాధ్యతలు

మా బడి బెంచీలు పోయిన రోజున మంత్రిగారు చాలా సంతోషంగా ఉన్నారు. ఆ సంతోషాన్ని నేను కళ్లారా చూడలేదు, రేడియోలో విన్నాను. "ఈ రోజుతో మన బడుల్లో కదలని బెంచీ అనేది ఉండదు" అని ఆయన రాజధానిలో ప్రకటించారు. చప్పట్లు ఆగేలోపే మా గేటు ముందు లారీ ఆగింది. ఇంత త్వరగా అమలైన ప్రకటన నా ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇంకొకటి లేదు.

అప్పుడు పదో తరగతికి లెక్కలు చెబుతున్నాను. నలుగురు మనుషులు లోపలికి వచ్చి బెంచీలు మోసుకుపోవడం మొదలుపెట్టారు. బెంచీ లేచినప్పుడల్లా దాని మీద ఉన్నవాళ్లు లేచి గోడవారకు జరిగారు. నలభై రెండో బెంచీ గుమ్మం దాటేసరికి ముప్పై ఎనిమిది మంది పిల్లలూ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. బోర్డు మీద లెక్క సగంలో ఉంది.

"కొత్తవి ఎప్పుడొస్తాయి బాబూ?" అని లారీ డ్రైవరుని అడిగాను.

"పట్టుకెళ్లే సెక్షను మాది టీచరమ్మా. తెచ్చే సెక్షను వేరే" అన్నాడు. తన బాధ్యత ఎక్కడిదాకానో ఇంత స్పష్టంగా తెలిసిన ఉద్యోగిని నేను అరుదుగా చూశాను.

పథకం పేరు సర్వాసనం. నినాదం, 'పలకలు మారతాయి, ప్రగతి మారదు.' వస్తువు చాలా చిన్నది. నాలుగు చెక్క పలకలు, రెండు కొయ్య చీలలు. పలకల్లో గాళ్లు ఉంటాయి. ఒకదాని గాడిలోకి ఇంకొకటి దూర్చి చీల బిగిస్తే రాసుకునే బల్లతో సహా బెంచీ అవుతుంది. ఇంకోలా బిగిస్తే పుస్తకాల అర. అన్ని బెంచీలూ విప్పి కలిపి బిగిస్తే వేదిక. మేకు లేదు, స్క్రూ లేదు, సుత్తి అక్కర్లేదు.

దీన్ని తయారుచేసింది మా ఆయన. ఇదే బడిలో చేతిపని మాస్టారు. మూడేళ్లు గీశారు, చెరిపారు. ఇప్పటి పదో తరగతి అప్పుడు ఏడులో ఉండేది, వాళ్లచేతే మొదటి బెంచీ చేయించారు. నమూనా గీసిన కాగితం అడుగున ఒకే ఒక షరతు రాశారు: 'పదేళ్ల పిల్ల ఒక్కతే విప్పి, ఒక్కతే బిగించగలగాలి.' ఆ కాగితాన్ని శాఖకు పంపారు. శాఖ దాన్ని చదువుతూ ఉండగా పోయిన వానాకాలంలో ఆయన పోయారు. ఆ సంగతి ఈ కథకు ఇంతకంటే అక్కర్లేదు.

బెంచీలు పోయిన వారానికి ఆయన పేరు మీద ఉత్తరం వచ్చింది. పథకం రూపకర్త హోదాలో ప్రారంభోత్సవానికి రావాలని, వేదిక మీద మూడో వరసలో కూర్చోవాలని. ఆయన లేరని, మరణ ధ్రువపత్రం జతచేసి జవాబు రాశాను. శాఖవారు ఎంతో మర్యాదగా మళ్లీ రాశారు: 'మీ మరణాన్ని గమనించడమైనది. తద్వారా ఏర్పడిన రూపకర్త ఖాళీని భర్తీ చేయు నిమిత్తం, గౌరవ మంత్రిగారు సదరు హోదాను అదనపు బాధ్యతగా స్వీకరించుటకు దయతో అంగీకరించినారు.'

ఉత్తరం హెడ్మాస్టరుగారికి చూపించాను. ఆయన ఫోను మోగినా లేచి నిలబడే మనిషి. ప్రభుత్వ ముద్ర చూడగానే లేచి నిలబడి చదివారు.

"పోన్లేండి టీచర్. జూనియర్లకి ఇవ్వకుండా మంత్రిగారే తీసుకున్నారు. గౌరవమే కదా!" అన్నారు.

"అవునండి" అన్నాను.

ఇక్కడ పరీక్షల సంగతి చెప్పాలి. పదో తరగతి పరీక్ష మా బడిలోనే జరగాలంటే పిల్లకో బెంచీ చొప్పున ఉండాలి. లేకపోతే కేంద్రాన్ని ఏటి అవతలి పట్నానికి మారుస్తారు. పొద్దున్నే పడవలో వెళ్లి, సాయంత్రం పడవలో రావాలి. ఇస్త్రీ బండి ఆవిడ కూతురు మా క్లాసు లీడరు. ఆవిడ బండి దగ్గరికే వెళ్లి మాట్లాడాను. చొక్కా మీద నీళ్లు చల్లుతూనే తేల్చి చెప్పేసింది.

"ఇక్కడైతే రాస్తది టీచరమ్మా. ఏరు దాటించి మాత్రం పంపను. పోయినేడు పడవ తిరగబడ్డది మీకూ తెలుసు, నాకూ తెలుసు."

"బెంచీలు వస్తాయమ్మా."

"వస్తే పంపుతా. నా పిల్లకి చదువు ఇష్టం లేదనుకున్నారా? నాకు పిల్ల ఇష్టం."

ఆమె ఒక్కతే కాదు. ఆ మాట అన్నవాళ్లు పదకొండు మంది. పరీక్షకు అప్పటికి నలభై రోజులుంది.

*

ఇరవయ్యో రోజున పలకలు వచ్చాయి. వాటితోపాటు మంత్రిగారూ వచ్చారు. తొలి ప్రదర్శన మా బడిలోనే అన్నమాట. పలకలు చేత్తో తడిమి చూశాను. గాళ్లు సరిగ్గా కుదిరాయి, చీలలూ కుదిరాయి. శాఖ వేసిన కమిటీ ఒకే ఒక మెరుగు దిద్దింది. కూర్చునే పలకలు నలభై రెండింటి మీదా రంగు రంగుల ముక్కలేవో అచ్చువేశారు. ఒకదాని మీద నల్లటి వంపు, ఒకదాని మీద గులాబీ రంగు గుండ్రం. పిల్లలు వాటిని తిప్పి తిప్పి చూశారు.

"ఇది చెవి టీచర్" అంది క్లాసు లీడరు.

చెవే. నలభై రెండు పలకలనూ వేదిక వెనకగోడగా బిగించేసరికి మంత్రిగారి ముఖం పన్నెండడుగుల ఎత్తున నవ్వుతూ నిలబడింది. రాసుకునే బల్లలు వేదిక నేల అయ్యాయి. కాళ్ల పలకలు అడుగున దన్నుగా నిలిచాయి. పెద్ద గది ఒక కొస నుంచి ఇంకో కొసదాకా వేదికే.

చివరి చీల మంత్రిగారే బిగించాలని కార్యక్రమంలో ఉంది. ఆయన చీల తీసుకుని గాడిలో పెట్టారు. వెళ్లలేదు. తిప్పి పెట్టారు. వెళ్లలేదు.

"నేను డిజైన్ చేసినప్పుడు ఇది ఇటువైపు ఉండేది కదా?" అని పి.ఎ.ని అడిగారు.

"ఇటే ఉండేది సార్. ఫ్యాక్టరీవాళ్లు మార్చేసినట్టున్నారు."

"సన్నటి కొస లోపలికి పెట్టాలండి" అంది క్లాసు లీడరు మెల్లగా. మంత్రిగారు సన్నటి కొస లోపలికి పెట్టారు. వెళ్లింది. చప్పట్లు మోగాయి. ఆయన ఆ పిల్ల తల నిమిరి, "నేను రూపొందించింది ఇంత సులువుగా అర్థం చేసుకున్నావు. గొప్పదానివవుతావు" అని దీవించారు.

తర్వాత నన్ను పరిచయం చేశారు. పి.ఎ. ఆయన చెవిలో ఏదో చెప్పాడు. మంత్రిగారి ముఖం నిజంగానే బాధతో నిండింది. ఆయన చెడ్డ మనిషి కాదు.

"పాత రూపకర్తగారి భార్యా మీరు? ఏం దిగులుపడకండమ్మా. ఆ పని ఎక్కడా ఆగలేదు. నేను చూసుకుంటున్నాను" అన్నారు.

"చాలా సంతోషమండి" అన్నాను. ఏం అనాలో తెలియనప్పుడు అనడానికి మా ఉద్యోగాల్లో ఆ ఒక్క మాటే ఉంది.

వెళ్లబోతూ గుమ్మంలో వెనక్కి తిరిగి తన ముఖాన్ని ఒక్క నిమిషం చూసుకున్నారు. "భలే కుదిరింది. కదపకండి" అన్నారు. ముచ్చటపడి అన్న మాట అది. పి.ఎ. దాన్ని పుస్తకంలో రాసుకున్నాడు. మర్నాటికి అది ఉత్తర్వు అయింది. మూడో రోజున ఒక ఉద్యోగి వచ్చి ఎనభై నాలుగు చీలల మీదా లక్క ముద్రలు వేసి వెళ్లాడు. సుత్తి లేకుండా చిన్నపిల్ల విప్పగల వస్తువును ఇక ముగ్గురు అధికారులు సంతకం పెడితే తప్ప ఎవరూ విప్పకుండా కట్టుదిట్టం జరిగింది. పిల్లలు ఎప్పటిలాగే నేల మీద కూర్చుని మోకాళ్ల మీద రాసుకున్నారు. ఇప్పుడు తేడా ఒక్కటే, ఎదురుగా వేదిక ఉంది.

*

వేదిక విప్పి బెంచీలు చేసుకోవడానికి అనుమతి కోరుతూ నేను అర్జీ రాస్తే హెడ్మాస్టరుగారు నిలబడి సంతకం చేశారు. ఆరో రోజున పునర్విన్యాస అధికారి స్వయంగా వచ్చారు. నలభై ఏళ్లుంటాయి, మెత్తటి మాట, చేతిలో మంత్రిగారి ముఖం నకలు. దాని మీద గళ్లు గీసి నంబర్లు వేసుకొచ్చారు.

"మేడమ్, ప్రభుత్వానికి బెంచీల మీద ఏ అభ్యంతరమూ లేదు. ఈ పథకమే బెంచీల కోసం. సమస్యల్లా కూర్చోవడంతోనే" అన్నారు.

"కూర్చోకుండా ఎలాగండీ?"

"అదే చూద్దాం. కుడికన్ను పదిహేడో పలక. దాని మీద ఎవరు కూర్చుంటారు?"

"రోల్ నంబర్ పదిహేడు."

"మార్కులు ఎలా వస్తాయి?"

"మధ్యస్థం."

ఆయన తల అడ్డంగా ఊపారు. "కంటి మీద మధ్యస్థమా! ఫస్టు క్లాసు పిల్లల్ని చూడండి. ముక్కు?"

"ఇరవై మూడు, ఇరవై నాలుగు. బాగా చదువుతారు."

"జలుబు గట్రా లేదు కదా?"

"ప్రస్తుతానికి లేదండి."

"మంచిది. మీసం మీద ఆడపిల్లలు వద్దు, పేపర్లవాళ్లు ఏదో ఒకటి రాస్తారు. నోటి మీద మాత్రం ఎవరినీ కూర్చోబెట్టలేం. నోటి మీద మనిషిని కూర్చోబెట్టామంటే ప్రభుత్వం మాట్లాడకుండా చేశామన్నట్టు."

"నోటికి మూడు పలకలున్నాయండి. అవి తీసేసినా ముప్పై తొమ్మిది మిగులుతాయి. మాకు ముప్పై ఎనిమిది చాలు."

ఆయన మొహం వికసించింది. లెక్క సరిపోవడం ఏ అధికారికైనా ఆనందమే. కాగితం మడవబోయి ఆగారు.

"నుదుటి మీద వెనక బెంచీ వాళ్లుంటారా?"

"ఎవరో ఒకరు ఉండాలి కదండీ."

"వెనక బెంచీ వాళ్లు నుదుటి మీద..." అని చాలాసేపు ఆలోచించారు. "తిరగేసి బిగిస్తే?"

"గాళ్లు అడుగునే ఉన్నాయి. తిరగేస్తే చీల పట్టదు."

"రూపకర్తగారు రెండువైపులా గాళ్లు పెట్టి ఉండాల్సింది" అని అనేసి, ఆ రూపకర్త ఎవరో గుర్తొచ్చి నాలిక కరుచుకున్నారు. "అంటే... ఒకవైపే పెట్టడంలో వారి ఉద్దేశం ఏదో ఉంటుంది. మనకు అందదు."

"ఒకవైపే గాడి ఉంటే పలక బలంగా ఉంటుందండి. పిల్లలు గెంతినా విరగదు."

"మీకెలా తెలుసు?"

"విన్నానండి."

ఫైలు పైకి వెళ్తుందని చెప్పి వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు చెప్పులు విప్పి వేదికకు నమస్కారం పెట్టారు. హెడ్మాస్టరుగారూ పెట్టారు.

*

పరీక్షకు నాలుగు రోజులుందనగా కేంద్రాల తనిఖీ అధికారి వచ్చారు. ఈయన వేరే శాఖ. ఈయన ఫారంలో ఒకటే గడి: 'బెంచీల సంఖ్య.' పెద్ద గదిలో అడుగుపెట్టి పన్నెండడుగుల ముఖాన్ని చూసి ఆగిపోయారు.

"బెంచీలేవి?"

"అవేనండి" అని ముఖాన్ని చూపించాను.

"నాకు ముఖం కనబడుతోంది."

"విప్పితే బెంచీలు."

"విప్పండి మరి."

"విప్పకూడదండి."

ఆయన ఫారం కేసి, ముఖం కేసి, ఫారం కేసి చూశారు. బెంచీలు లేవని రాస్తే కేంద్రం ఏటి అవతలికి పోతుంది. సర్వాసనం అందిన బడిలో బెంచీలు లేవని రాస్తే ఆయన ఎక్కడికి పోతారో ఆయనకే తెలుసు. గుమ్మం దగ్గర ఇస్త్రీ బండి ఆవిడ నిలబడి ఉంది, కబురు తెలుసుకుందామని పని మధ్యలో వచ్చేసింది. హెడ్మాస్టరుగారు ఎలాగూ నిలబడే ఉన్నారు. చివరికి ఆయన పెన్ను మూత తీసి ఇలా రాశారు: 'సామర్థ్యంలో ఉన్న బెంచీలు: నలభై రెండు. కేంద్రం ఆమోదించడమైనది.'

"ఇక్కడేనా టీచరమ్మా?" అంది ఇస్త్రీ బండి ఆవిడ.

"ఇక్కడేనమ్మా."

"బెంచీలు?"

"కాగితం మీద వచ్చాయి."

"ఏదో ఒకదాని మీద వచ్చాయిగా" అని వెళ్లిపోయింది. ఆ పదకొండు మంది పిల్లలూ పరీక్షకు వచ్చారు. మిగతావాళ్లూ వచ్చారు.

పరీక్షలు శాంతియుతంగా జరిగాయి. ముప్పై ఎనిమిది మంది నేల మీద అడుగున్నర ఎడంలో బాసింపట్టు వేసుకుని, ఒళ్లో అట్టలు పెట్టుకుని రాశారు. రెండు గంటలు దాటాక ఒక్కొక్కరే కాళ్లు చాపుకోవడం మొదలుపెట్టారు. మంత్రిగారి ముఖం ఎదురుగా కాళ్లు చాపవచ్చా అని హెడ్మాస్టరుగారు ఫోనులో అడిగారు. పునర్విన్యాస అధికారి కనుక్కుని చెబుతామన్నారు. చివరి పేపరు అయ్యాక చెప్పారు, పక్కకు చాపవచ్చట.

ఆ చివరి పేపరు సాధారణ విజ్ఞానం. తొమ్మిదో ప్రశ్న: 'సర్వాసన రూపకర్త ఎవరు?' ఒక మార్కు.

*

ఈ పరీక్ష పేపర్లు ఏ బడివి ఆ బడిలోనే దిద్దుతారు. శాఖ పంపిన జవాబుల పట్టీ పక్కన పెట్టుకుని దిద్దాలి, పట్టీ దాటి అక్షరం కూడా ఒప్పుకోకూడదు. సాధారణ విజ్ఞానం నా వంతుకు వచ్చింది. పట్టీలో తొమ్మిదో ప్రశ్న ఎదురుగా ఇలా ఉంది: 'గౌరవ మంత్రిగారు.'

మొదటి పేపరులో తొమ్మిదో జవాబు చూశాను. పక్కన పెట్టాను. రెండోది చూశాను. ఇలా ముప్పై ఎనిమిదీ చూశాను. అందరూ ఒకే జవాబు రాశారు. అది పట్టీలోది కాదు.

దిద్దేవాళ్లకు ఇచ్చిన సూచనల్లో పదకొండోది ఇదీ: ఒక కేంద్రంలో పది మందికి మించి ఒకే తప్పు జవాబు రాస్తే దాన్ని సామూహిక కాపీగా పరిగణించి ఆ కేంద్రం ఫలితాలన్నీ రద్దు చేయాలి. పన్నెండోది: పట్టీలో లేని జవాబుకు మార్కు వేస్తే ఆ పేపర్లను మరో కేంద్రానికి పంపి మళ్లీ దిద్దించాలి. మరో కేంద్రంలోనూ పట్టీ ఇదే, పదకొండో సూచన కూడా ఇదే.

పునర్విన్యాస అధికారికి ఫోను చేశాను. ఈ విషయం ఆయనదో కాదో తెలియదు గానీ, ఆ శాఖలో నా మాట పూర్తిగా విన్నవాడు ఆయనొక్కడే.

"ఒక్కరైనా మంత్రిగారిని రాయలేదా మేడమ్?"

"లేదండి."

"ఒక్క పది మంది మాత్రం ఇలా రాసి, మిగతావాళ్లు వదిలేసినా బాగుండేది."

"ఎవరూ వదిలెయ్యలేదండి."

"పిల్లలకు ఈ జవాబు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఏడో తరగతిలో చీలలకు గరుకు కాగితం పట్టింది వాళ్లే."

"అయ్యో" అన్నారు. ఆ మనిషి మనసు మంచిదని అప్పుడే నిశ్చయమైంది. "పోనీ, జవాబుని కాస్త అటూ ఇటూ తిప్పి బిగించలేమా?"

"వాటికి చీలలు లేవండి."

"నేనేమీ వినలేదు. మీరు ఫోను చెయ్యలేదు. రేపు పదింటికి పేపర్లు చేరాలి" అని పెట్టేశారు.

హెడ్మాస్టరుగారు ఇదంతా నిలబడి విన్నారు. కట్టలోంచి ఒక పేపరు తీసి తొమ్మిదో జవాబు చదివారు. మెల్లగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నా ఎదుట ఆయన కూర్చోవడం అదే మొదలు.

"ఏం చేస్తారు టీచర్?"

"మిగతా ప్రశ్నలు దిద్దుతానండి."

దిద్దాను. క్లాసు లీడరుకు అన్నిటికంటే ఎక్కువ వచ్చాయి. రోల్ నంబర్ పదిహేడు అనుకున్నదానికంటే బాగా రాసింది. తొమ్మిదో జవాబులో ముప్పై ఎనిమిది మందీ మా ఆయన పూర్తి పేరు రాశారు, ఇంటిపేరుతో సహా. ఇద్దరు ఇంటిపేరులో దీర్ఘం మరిచిపోయారు. ఎర్ర సిరాతో అది సరిచేశాను.

మార్కు ఇంకా వేయలేదు.